నాలుగో సైజు

సూదులక్క కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర రెండో విడత స్వెట్టర్ల మూట దింపుకుంటుండగా లోపలినుంచి అరుపు వినిపించింది. ముందు ఒక్క గొంతే. ఆ వెనకే చాలామంది ఆడవాళ్ళు ఒకేసారి అరిచారు. మొదటి గొంతు ఎవరిదో ఆమెకి చెప్పనక్కర్లేదు. పద్నాలుగేళ్ళుగా ఒకే ఇంట్లో వింటున్న గొంతు. భర్తకి అక్క, తనకి వదిన.

మూట అక్కడే వదిలేసి పరుగెత్తింది. చేపల పెట్టెల్ని లాక్కుపోయే పొడవాటి బెల్టు పక్కన వదిన మోకాళ్ళ మీద కూలబడి ఉంది. ఎడమ చెయ్యి రెండు రోలర్ల మధ్యకి మోచేతి దాకా వెళ్ళిపోయింది. బెల్టు ఇంకా తిరుగుతూనే ఉంది. రోలర్లు ఆ చేతిని మింగలేక, వదల్లేక, కరకరా నములుతున్నాయి. వెనకనుంచి వస్తున్న పెట్టెలు ఒకదానిమీదొకటి ఎక్కి ఆమె వీపు మీద దబదబా పడుతున్నాయి. ఇద్దరు ఆడవాళ్ళు నడుం పట్టుకుని వెనక్కి లాగుతున్నారు. లాగినకొద్దీ ఆమె గొంతు ఇంకా పైకి లేస్తోంది.

బెల్టు ఆపడానికి తలపైన ఒక తాడు ఉండాలి. ఎవరు ఎక్కడ నిలబడ్డా అందేలా వేలాడవలసిన తాడు. దాన్ని ఎత్తి, చుట్ట చుట్టి, పైనున్న ఇనప దూలానికి ముడేసి పెట్టారు. ఆ పని చేయించింది గడియారం. అక్కడి సూపర్‌వైజరుకి పనివాళ్ళు పెట్టుకున్న పేరది. ఎవరు మంచినీళ్ళకి వెళ్ళి ఎన్ని నిమిషాలకి తిరిగొచ్చారో అతనికి కంఠస్థం. తుమ్మొచ్చినా బెల్టు ఆపేస్తున్నారని వారం కిందటే ఆ తాడు పైకి కట్టించాడు. ఇప్పుడు తన గాజు గది గుమ్మంలో నిలబడి లాగండి, గట్టిగా లాగండి అంటున్నాడే గానీ, బెల్టు ఆపే మీట ఉన్న గోడ వైపు అడుగు వెయ్యడం లేదు.

సూదులక్క నడుముకి ఎప్పుడూ కత్తెర వేలాడుతుంది. దాంతో వదిన స్వెట్టరు చేతిని భుజం దగ్గర కొయ్యడం మొదలుపెట్టింది. రక్తానికీ మంచు నీళ్ళకీ తడిసి ఊలు తాడులా బిగుసుకుపోయింది. కత్తెర జారి తన బొటనవేలే తెగింది. ఒక్కో వరసా తెగుతుంటే, అవి తను అల్లిన వరసలేనని ఆ గొడవలోనూ చేతికి తెలుస్తూనే ఉంది. చివరి పోగు తెగగానే బెల్టు ఆ ఊలు ముక్కని ఒక్క గుక్కలో మింగేసింది. అదే క్షణంలో ఒకావిడ పెట్టెల గుట్ట మీదకి ఎగబాకి తాడు ముడి పీకింది. బెల్టు ఆగింది.

చెయ్యి బయటికి వచ్చాక, మోచేతి కింద చెయ్యి అని చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు.

వదిన ఆమె మొహంలోకి చూసింది. ఇంట్లో కూర్చుని మాట్లాడుతున్నట్టే అంది. "అంచు ఊడిపోయింది మరదలా. రెండు మడతలు పెట్టానా, తడికి ఊడిపోయింది."

ఆ మాటతో కళ్ళు తేలేసింది.

వదిన పొట్టి మనిషి, లావు మనిషి. నలభై కిలోల పెట్టెని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకునేది. కోల్డ్ స్టోరేజీలో అందరూ బస్తా అనేవారు. లోపల సరుకుంటేనే గదా బస్తా నిలబడేది, ఖాళీ బస్తాని ఎవడు నిలబెడతాడు అని ఆమే ముందు నవ్వేసేది. పెళ్ళి చేసుకోలేదు. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచి, పెళ్ళి చేసి, ఆ ఇంట్లోనే ఉండిపోయింది. ఆ ఇంటికి మూలస్తంభం ఆవిడే.

సూదులక్క వీధి చివర ఒక గదిలో నలుగురు ఆడవాళ్ళని కూర్చోబెట్టుకుని స్వెట్టర్లు అల్లేది. కోల్డ్ స్టోరేజీలో ఎప్పుడూ గడ్డకట్టే చలి. పనివాళ్ళకి స్వెట్టర్లు కావాలని కబురు వస్తే వదినే ఈమెని గడియారం దగ్గరికి తీసుకువెళ్ళింది. అతను సంతకం పెట్టిన కాగితం ఒకటి ఇచ్చాడు. అందులో నాలుగు సైజులు. సైజు పెరిగినప్పుడల్లా ఛాతీకి నాలుగంగుళాలు, భుజానికి ఒకటిన్నర, చేతి పొడవుకి రెండు చొప్పున కలుపుకుంటూ పోయారు. నాలుగో సైజుకి వచ్చేసరికి చెయ్యి మోకాలికి తగిలేటట్టుంది.

ఇరవై ఏళ్ళ అల్లిక ఆమెది. ఒంట్లో కండ పెరుగుతుంది, ఎముక పెరగదని తెలుసు. లావైన మనిషికి పొట్ట దగ్గర చోటు కావాలి, దండచెయ్యి చుట్టూ చోటు కావాలి. అంతే గానీ మెడ బావిలా తెరుచుకోనక్కర్లేదు, భుజం కుట్టు మోచేతి మీదకి జారనక్కర్లేదు. ఉండబట్టలేక అడిగింది కూడా.

"అయ్యా, లావెక్కితే చేతులు పొడుగవుతాయా?"

గడియారం తలెత్తలేదు. లావు మనుషులకి అన్నీ పెద్దవే ఉండాలన్నాడు. కాగితంలో ఎలా ఉంటే అలా అల్లమన్నాడు. పెద్దవాళ్ళతో మనకెందుకులే అనుకుని ఆమె తల వంచుకుని వచ్చేసింది. అలాగే అల్లింది. నాలుగో సైజు వేసుకునేవాళ్ళు అక్కడ ముగ్గురే, అందులో ఒకరు వదిన అని తెలిసే అల్లింది.

మొదటి విడత వచ్చిన రోజు వదిన ఇంట్లో తొడుక్కుని చూపించింది. ముందు వైపు పొట్ట మీద నిలవక పైకి పాకింది. వెనక వైపు పిరుదుల కిందికి వేలాడింది. చేతులు వేళ్ళు దాటి జానెడు ఉన్నాయి. వదిన వాటిని ఊపుతూ, వీటిలో ఇంకో మనిషిని దాచొచ్చు అని నవ్వింది. సూదులక్క విప్పి ఇమ్మంది, రెండు రోజుల్లో సరిచేస్తానంది. పని బట్టకి అంత ముచ్చటెందుకు, మడుచుకుంటానులే, నీకు ఇంకా ముప్ఫై అల్లాల్సినవి ఉన్నాయి కదా అంది వదిన. నిజమే కదా అనుకుంది ఈమె. మాట అక్కడితో అయిపోయింది.

ఆసుపత్రిలో మోచేతికి నాలుగు వేళ్ళ పైకి కోసి చెయ్యి తీసేశారు. సూదులక్క భర్త బస్సు డిపోలో మెకానిక్కు. గ్రీజు చేతులతోనే పరుగెత్తుకొచ్చాడు. ఏమైందని అక్కడున్న ఆడవాళ్ళని అడిగాడు. స్వెట్టరు చెయ్యి పొడుగైపోయి పట్టుకుందని ఎవరో అన్నారు. అతను భార్య వైపు తిరిగాడు.

"ఎవరల్లారు అది?"

"నేనే" అంది.

చెంప మీద ఒకటి, ఆ దెబ్బకి గోడకి ఆనితే గోడ దగ్గర ఇంకొకటి కొట్టాడు. జుట్టు పట్టుకుని వరండా చివరిదాకా ఈడ్చాడు. పెళ్ళయ్యాక ఎప్పుడూ చెయ్యెత్తని మనిషి. నర్సులు వచ్చి విడిపించారు. సూదులక్క అడ్డు పెట్టుకోలేదు. పడవలసినవే పడుతున్నాయి అనుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఇప్పుడు ఏడిస్తే ఏం లాభం అనుకుని ఏడవనూ లేదు. ఇంటికి వెళ్ళి చూస్తే అతను ఆమె ఊలు ఉండలన్నీ పొయ్యిలో కుక్కి తగలబెట్టాడు. ఉన్ని కాలిన కంపు రెండు రోజులు పోలేదు.

మూడో రోజు పొద్దున్న గడియారం అల్లిక గదికి వచ్చాడు. వెంట ఇద్దరు గోదాం మనుషులు. ఆ గదిలో కిటికీ కింద ఒక పొడవు బల్ల, చుట్టూ పీటలు, గోడకి రంగు రంగుల ఊలు చుట్టలు. బల్ల మీద పాత దుప్పటి పరిచి, దానిమీద వదిన స్వెట్టరు పెట్టి ఉంది. ఒక చెయ్యి లేదు. రక్తం ఎండి అట్ట కట్టింది. ఆసుపత్రివాళ్ళు సంచీలో పెట్టి ఇస్తే సూదులక్క దాన్ని ఉతకలేదు, పారెయ్యలేదు. రోజూ వచ్చి దానికేసి చూస్తూ కూర్చుంటోంది.

గడియారం మర్యాదగానే మొదలుపెట్టాడు. ఆ మనిషి ఇంటినుంచి తెచ్చుకున్న వదులు బట్ట వేసుకొచ్చిందని పైవాళ్ళకి రాసి పంపానన్నాడు. అలా అయితే ఎవరికీ ఇబ్బంది లేదన్నాడు. కనుక ఈ స్వెట్టరూ, తను సంతకం పెట్టిచ్చిన కొలతల కాగితమూ ఇచ్చేస్తే మళ్ళీ పని ఇప్పిస్తానన్నాడు. ఇవ్వనంది సూదులక్క. తాడు ఎవరు కట్టించారో కూడా రాశావా అని అడిగింది.

ఆ మాటతో అతని మొహం మారింది. బల్ల మీది స్వెట్టరు లాక్కోబోయాడు. ఆమె రెండో కొస పట్టుకుంది. అతను ఆమె జడ చేతికి చుట్టుకుని తలని బల్లకేసి కొట్టాడు. ఒకసారి, రెండుసార్లు. కనుబొమ్మ చిట్లి కంట్లోకి రక్తం కారింది. వెంట వచ్చినవాళ్ళలో ఒకడు తలుపు మూసి గడియ పెట్టాడు. రెండోవాడు సొరుగులు బయటికి లాగి కాగితాలు కింద పోశాడు. మూడోసారి తల బల్లని తాకేసరికి ఆమె చేతికి ఒక సూది తగిలింది. లావు ఊలుకి వాడే ఉక్కు సూది, మూరెడు పొడుగు. తిరగకుండానే వెనక్కి పొడిచింది. అది అతని అరచేతిలో ఒక వైపు దిగి రెండో వైపు తేలింది.

గడియారం మోకాళ్ళ మీద పడ్డాడు. అప్పటిదాకా గోడకి అతుక్కుపోయి ఉన్న నలుగురు ఆడవాళ్ళూ పీటలు ఎత్తారు. వాళ్ళలో పెద్దామె, అరవై దాటింది, చీమకి కూడా దారి ఇచ్చే మనిషి, గడియ పెట్టినవాడి మోకాలి చిప్ప మీద పీట కోడుతో కొట్టిన దెబ్బకి చిప్ప పటుక్కున విరిగిన చప్పుడు వీధిలోకి వినిపించిందట. సొరుగులు లాగినవాడు కిటికీలోంచి దూకాడు. సూదులక్క ఆగలేదు. కిందపడ్డ గడియారం మీద కూర్చుని, రెండు పిడికిళ్ళతో మొహం మీద గుద్దుతూనే ఉంది. ఏమీ అరవలేదు, తిట్టలేదు. లెక్క పెడుతున్నట్టు గుద్దింది. పెద్దామె వెనకనుంచి రెండు చేతులూ పట్టుకుని, చాలమ్మా, చస్తాడు, వాడు చస్తే మన మాట ఎవరు వింటారు అనేదాకా గుద్దింది.

పోలీసులు అందరినీ తీసుకుపోయారు. రెండు రోజులు సూదులక్క లాకప్పులో ఉంది. ఇన్‌స్పెక్టరు ఆడమనిషి, భారీ మనిషి. యూనిఫాం గుండీలు పొట్ట దగ్గర బిగుసుకుని, భుజాల దగ్గర బట్ట జారిపోతూ ఉంది. ముందు హత్యాయత్నం అనే మాట వాడింది. తర్వాత స్వెట్టరు తెప్పించి బల్ల మీద పరిచి, అసలు దీని గొడవేమిటో చెప్పమంది.

సూదులక్క వాచిన కంటితోనే చెప్పింది. మిగిలిన చేతిని టేపుతో కొలిచి చూపించింది, కాగితం మీది అంకె చూపించింది. మనిషిని కొలవకుండా అంకెలు పెంచుకుంటూ పోతే ఏమవుతుందో చెప్పింది. ఇన్‌స్పెక్టరు తన చొక్కా భుజం కుట్టు పట్టుకుని, ఎన్నేళ్ళుగానో ఇది నా తప్పనే అనుకుంటున్నాను అంది. ఆ మధ్యాహ్నమే కోల్డ్ స్టోరేజీకి మనిషిని పంపి, దూలానికి ఇంకా వేలాడుతున్న తాడు ముడికి ఫొటోలు తీయించింది. గడియారం మీద కేసు కట్టారు. సూదులక్క మీదా కట్టారు. చట్టం అందరికీ ఒకే సైజులో కుట్టారు, నేనేం చెయ్యను అంది ఇన్‌స్పెక్టరు, నవ్వకుండా.

సూదులక్క బెయిలు మీద ఇంటికి వచ్చేసరికి వదిన ఆసుపత్రినుంచి వచ్చేసి ఉంది. గదిలో మూల మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. నాలుగు రోజుల్నుంచి ఎవరితోనూ మాట్లాడడం లేదట. తమ్ముడు కంచంలో అన్నం పెట్టుకుని వచ్చాడు. భార్య గుమ్మంలో కనబడేసరికి, ఇంకా ఏం మిగిల్చావని వచ్చావు అన్నాడు.

వదిన ఇటు తిరిగింది. కుడి చేత్తో ఆ కంచం అందుకుని అతని మొహం మీదకి విసిరింది. అంచు తగిలి పెదవి చీలింది. లేచి, తూలుకుంటూ వచ్చి, అతని గుండీల దగ్గర చొక్కా పట్టుకుని గోడకి నొక్కింది. ఒక్క చేతితోనే అతని కాళ్ళు నేల వదిలాయి.

"ఆసుపత్రిలో దీన్ని కొట్టావంట. చెయ్యి పోయింది నాది. నీకెవరిచ్చార్రా కొట్టే హక్కు?"

అతను తనని పెంచిన తల్లి లాంటి మనిషి ముందు చిన్నపిల్లాడైపోయి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె వదిలేసింది. మరదలి దగ్గరికి వచ్చింది, ఓదార్చడానికేమో అనుకుంది సూదులక్క.

"నీకు తెలుసు" అంది వదిన. "పొడుగని నీకు తెలుసు. నాకూ తెలుసు. నువ్వు వాడికి భయపడ్డావు, నేను నవ్వులాటగా తీసుకున్నాను. ఇంక నా కళ్ళ ముందు సూది పట్టుకోకు."

అని మళ్ళీ గోడ వైపు తిరిగి పడుకుంది.

నెల గడిచింది. చలి పెరిగింది. మొండి చేతికి చలి తగిలితే వదిన పళ్ళు బిగబట్టి మంచం కోడు పట్టుకునేది. పాత బట్టలేవీ ఆ భుజానికి కుదరడం లేదు. ఖాళీ చెయ్యి ముడేస్తే ముడి పుండు మీద రాసుకుంటోంది. ఒక ఆదివారం మధ్యాహ్నం సూదులక్క టేపు మెడలో వేసుకుని గదిలోకి వెళ్ళింది.

"కొలుస్తాను, లే."

ముట్టుకోవద్దంది వదిన. ఈమె టేపు భుజం మీద పెట్టింది. వదిన చెయ్యి విసిరి కొట్టిన దెబ్బకి ఈమె పక్కనున్న స్టూలుతో సహా కింద పడింది. పెదవి లోపల పన్ను దిగి నోరంతా ఉప్పగా అయింది. లేచి, ఉమ్మి, మళ్ళీ టేపు పెట్టింది. ఈసారి వదిన తన్నింది. డొక్కలో తగిలి ఊపిరాడలేదు. గోడ పట్టుకుని నిలబడి, ఊపిరి అందాక, మళ్ళీ దగ్గరికి వచ్చింది.

"చంపేస్తాను నిన్ను" అంది వదిన.

"చంపుదువుగాని. ముందు కొలవనియ్యి."

మూడో దెబ్బ సగంలో ఆగిపోయింది. ఆ చెయ్యి ఈమె భుజం మీద పడి, అక్కడే గుడ్డ గుప్పిట పట్టుకుని ఉండిపోయింది. వదిన ఒళ్ళంతా ఊగిపోతూ ఏడ్చింది. ఆ ఏడుపు అయ్యేదాకా ఆగి, అప్పుడు మొదలుపెట్టింది సూదులక్క. వీపు మీద ఈ భుజం చివరినుంచి ఆ భుజం చివరికి. పదహారు అంగుళాలే. సన్నటి మనిషికి ఎంతో అంతే. దండ చుట్టూ పంతొమ్మిది. ఛాతీ యాభైనాలుగు, అందులో ముందు సగమే ఎక్కువ, వెనక తక్కువ. మెడ పక్కనుంచి పొట్ట మీదుగా అంచు దాకా ముందు వైపు ఎంతో, వెనక వైపు ఎంతో వేరువేరుగా కొలిచింది. రెంటికీ ఐదంగుళాల తేడా. చివర మొండి చేతికి కట్టు విప్పించి, దాని పొడవు, పైన చుట్టుకొలత, కింద చుట్టుకొలత తీసుకుంది.

"ఇన్ని కొలతలా?" అంది వదిన. "ఇన్నాళ్ళూ నన్నెవరూ కొలవలేదే. దుకాణానికి వెళ్తే అన్నిటికంటే పెద్దది ఇమ్మనడమే."

పన్నెండు రోజులు అల్లింది. కాగితం పెట్టుకోలేదు. భుజం వదిన భుజమంతే ఉంచింది. ముందు భాగంలో, పొట్ట మీదకి వచ్చేచోట, కొన్ని వరసలు మధ్య దాకా మాత్రమే అల్లి వెనక్కి తిరిగింది, మళ్ళీ ఇంకొంచెం దూరం అల్లి వెనక్కి తిరిగింది. దాంతో ముందు భాగం మాత్రం గిన్నెలా లోతు పెరిగింది, అంచు నేలకి సమంగా నిలిచింది. కుడి చెయ్యి దండ దగ్గర వెడల్పుగా మొదలై మణికట్టుకి వచ్చేసరికి ఏడంగుళాలకి బిగిసింది. ఎడమ చెయ్యి మొండి దాకానే వచ్చి, మెత్తటి ఊలుతో గుండ్రంగా మూసుకుంది. కుట్టు పుండుకి తగలకుండా పక్కకి తప్పించింది. మధ్యలో రెండుసార్లు తప్పు వచ్చి మొత్తం విప్పేసింది. రెండోసారి విప్పినప్పుడు కోపం పట్టలేక సూది మోకాలి మీద పెట్టి విరిచేసింది కూడా.

తొడిగాక వదిన చాలాసేపు అద్దం దగ్గరికి వెళ్ళలేదు. చెయ్యి ఎత్తింది, దించింది. వంగి నేల మీది చెంబు తీసింది. లేచి నిలబడి, అలవాటు కొద్దీ పొట్ట మీద స్వెట్టరు కిందికి లాక్కోబోయింది. లాక్కోవడానికి ఏమీ లేదు. అది ఉండవలసిన చోటే ఉంది.

"నీ మీద కోపం పోలేదు" అంది.

"పోనక్కర్లేదు" అంది సూదులక్క.

గడియారం ఉద్యోగం పోయింది, కేసు నడుస్తోంది. సూదులక్క కూడా నెలకోసారి కోర్టు బెంచీ మీద కూర్చుని వస్తోంది. వాళ్ళిద్దరూ ఎదురుపడ్డప్పుడు అతని చూపు ఆమె చేతుల మీద ఉంటుంది. భర్త ఊలు కొని తెచ్చి గుమ్మంలో పెట్టాడు. ఆమె తీసుకుంది గానీ మాట కలపడానికి చాలాకాలం పట్టింది. అతను మళ్ళీ చెయ్యెత్తలేదు. ఎత్తితే ఏమవుతుందో ఆ ఇంట్లో ముగ్గురికీ తెలుసు.

కోల్డ్ స్టోరేజీకి కొత్త సూపర్‌వైజరుగా వచ్చినామె మళ్ళీ స్వెట్టర్లు అడిగింది. మనిషి మనిషినీ కొలిస్తేనే అల్లుతానని సూదులక్క కబురు పంపింది. ఒప్పుకున్నారు. వదిన ఇప్పుడు అల్లిక గదిలో కూర్చుంటోంది. ఒక సూదిని ఎడమ చంకలో మొండి చేత్తో నొక్కి పట్టుకుని, కుడి చేత్తో అల్లడం నేర్చుకుంది. రోజుకి ఒక్కసారైనా విసుగొచ్చి గోడకేసి విసిరికొడుతుంది. నలుగురూ తలలు వంచి తప్పుకుంటారు. పెద్దామె లేచి వెళ్ళి తెచ్చిస్తుంది.

మొన్న గోదాం హమాలీ ఒకడు వచ్చాడు. గుమ్మం పట్టనంత మనిషి. లోపలికి రావడానికే సిగ్గుపడి, బయటినుంచే, మీ దగ్గరున్న అన్నిటికంటే పెద్ద సైజు ఇవ్వండమ్మా, ఎలా ఉన్నా పర్లేదు అన్నాడు.

వదిన చంకలోంచి సూది తీసి బల్ల మీద పెట్టింది. టేపు అందుకుంది.

"ఎలా ఉన్నా ఎందుకు పర్లేదయ్యా?" అంది. "లోపలికి రా. చేతులెత్తి నిలబడు."